పసిపిల్లలున్న ఇంట్లో బొమ్మలు, రాత, డబ్బింగ్: మన ఒంటిని ఎలా చూసుకోవాలి?

మణికొండమల్లి | మంగళవారం రాత్రి 11:52

అందరికీ నమస్కారం. ఇంట్లో ఏడు నెలల పాప, ఇంకా పాలు తాగుతోంది. పని పిల్లల పుస్తకాలకి బొమ్మలు వేయడం, అంతా టాబ్లెట్ మీదే. పాప పడుకున్నాక 10 నుంచి 1 దాకా పని, పగలు నాలుగైదు టీలు. కుడి బొటనవేలి మొదట్లో, మణికట్టు పక్కన పోటు. పెన్ను పట్టినా అదే, పాపని ఎత్తినా అదే. ముందు ఏది సరిచేసుకోవాలి? "డాక్టర్‌కి చూపించండి" అని ఒక్క ముక్కలో తేల్చకుండా, ఎవరికి చూపించాలి, ఏమని చెప్పాలి అన్నది కూడా చెబితే మేలు.

---

తార్నాక_ఫిజియో | బుధవారం ఉదయం 6:40

మల్లి గారూ, ముందు ఇంట్లోనే ఒకటి చూసుకోండి. బొటనవేలిని అరచేతిలోకి మడిచి, మిగతా వేళ్లతో దాన్ని కప్పి పిడికిలి బిగించండి. ఇప్పుడు మణికట్టుని మెల్లగా చిటికెనవేలి వైపుకి వంచండి. బొటనవేలి మొదట్లో చురుక్కుమంటే అది డీ కెర్వాన్ అనే వాపు అయ్యుండొచ్చు. రెండో చేత్తో కూడా చేసి పోల్చండి, ఎందుకంటే గట్టిగా వంచితే బాగున్న చేతికీ కొంచెం లాగినట్టే ఉంటుంది.

బొటనవేలిని పక్కకి, పైకి లాగే రెండు నరాలు (మనం నరాలు అంటాం గానీ అవి టెండన్లు, కండరాన్ని ఎముకకి కట్టే తాళ్లు) మణికట్టు దగ్గర ఒక ఇరుకు గొట్టంలోంచి పోతాయి. పాపని చంకల కింద రెండు చేతులూ పెట్టి, బొటనవేళ్లు పైకి చాచి ఎత్తుతాం కదా, అప్పుడు ఏడెనిమిది కిలోల బరువు ఆ తాళ్ల మీదే పడుతుంది. రోజుకి ముప్పై నలభై సార్లు. దానికి తోడు సన్నటి పెన్నుని చిటికెలో బిగించి గంటలకొద్దీ పట్టుకోవడం. గొట్టం ఉబ్బి ఇంకా ఇరుకవుతుంది.

ఎత్తే తీరు ముందు మార్చండి. ఒక అరచెయ్యి పిర్రల కింద, రెండోది వీపు వెనక, రెండు అరచేతులూ పైకి చూస్తూ, చేటతో బియ్యం తీసినట్టు. బొటనవేలు మిగతా వేళ్ల పక్కనే అతుక్కుని ఉండాలి, ఎల్ ఆకారంలో విచ్చుకోకూడదు. మణికట్టు వంగకుండా మోచేతి దగ్గర మడిచి, పాపని ఒంటికి దగ్గరగా లాక్కుని లేవండి. పాలిచ్చేటప్పుడు తల బరువు మణికట్టు మీద కాకుండా దిండు మీద ఉండాలి. తల మోచేతి మడతలోకి వచ్చేదాకా దిండు ఎత్తు పెంచుకోండి.

పట్టీ కొనేవాళ్లు ఎక్కువగా చేసే పొరపాటు: మెడికల్ షాపులో మామూలు మణికట్టు బ్యాండు ఇస్తే అది తెచ్చేసుకుంటారు. దానివల్ల ఇక్కడ లాభం లేదు. బొటనవేలిని కూడా కదలకుండా పట్టి ఉంచేది కావాలి, థంబ్ స్పైకా స్ప్లింట్ అని అడగండి. మూడు నాలుగు వారాలు రాత్రీ పగలూ పెట్టుకుని, రోజుకి మూడు నాలుగు సార్లు తీసి వేలిని నెమ్మదిగా తిప్పండి. నొప్పి చోట గుడ్డలో చుట్టిన ఐసు 10 నిమిషాలు.

అప్పటికీ తగ్గకపోతే ఎముకల డాక్టర్ దగ్గరికి. "బొటనవేలి మొదట్లో నొప్పి, బిడ్డని ఎత్తితే పెరుగుతుంది, పాలిస్తున్నాను, ఇన్ని వారాలు స్ప్లింట్ వాడాను" అని ఈ నాలుగూ చెప్పండి. ఆ గొట్టంలోకి ఒక స్టెరాయిడ్ ఇంజెక్షన్‌తో చాలామందికి తగ్గుతుంది. అలా కాకుండా రాత్రిపూట బొటనవేలు, చూపుడు, మధ్య వేళ్లు తిమ్మిరెక్కి మెలకువ వస్తోందంటే అది వేరే జబ్బు, కార్పల్ టనెల్. దాని పట్టీ వేరు.

---

కుంచెగాడు | బుధవారం ఉదయం 9:15

ఫిజియో గారు చెప్పినదానికి టాబ్లెట్ వైపు నుంచి కొంత. పెన్ను సెట్టింగుల్లో ప్రెషర్ కర్వ్ ఉంటుంది, దాన్ని మెత్తన వైపుకి జరపండి. తేలిగ్గా తాకితేనే ముదురు గీత వచ్చేలా పెట్టుకుంటే పిడి వదులవుతుంది. పెన్ను చుట్టూ రబ్బరు తొడుగు గానీ, గుడ్డ పట్టీ నాలుగైదు చుట్లు గానీ వేసి లావు చేయండి. ఎంత సన్నటి పెన్నయితే అంత బిగింపు. టాబ్లెట్‌ని బల్ల మీద పడుకోబెట్టకుండా వెనక వైపు ఎత్తి 15 నుంచి 20 డిగ్రీల వాలులో పెడితే మెడ కూడా బతుకుతుంది. పొడుగు గీతలకి మణికట్టు తిప్పకుండా కాన్వాస్‌నే తిప్పండి. అన్‌డూ, జూమ్, బ్రష్ సైజు ఎడమ చేతి కిందికి తెచ్చేయండి.

అసలు దొంగ వేరే ఉన్నాడు. పాలిచ్చేటప్పుడు ఒక్క చేత్తో ఫోన్ పట్టుకుని, అదే బొటనవేలితో రిఫరెన్స్ బొమ్మలు గంటసేపు జరుపుతూ ఉంటాం. స్ప్లింట్ ఇచ్చిన విశ్రాంతి అంతా అక్కడ పోతుంది. ఆ పని ఎడమ చేత్తో, ఫోన్‌ని స్టాండులో పెట్టి చూపుడువేలితో చేయండి.

---

కోడికూత | బుధవారం ఉదయం 10:02

పోస్టు పెట్టిన టైమ్ ఎవరూ చూడలేదా? రాత్రి 11:52! చెయ్యి సంగతి సరే, నిద్ర లెక్క చూడండి. పాప 2కి ఒకసారి, 5కి ఒకసారి లేస్తుందనుకుందాం. 1కి పని ఆపి, నిద్ర పట్టేసరికి 1:20. అంటే మొదటి నిద్ర 40 నిమిషాలు. గాఢనిద్ర ఎక్కువగా రాత్రి మొదటి భాగంలోనే ఉంటుంది, దాన్ని 40 నిమిషాలకే తెంచేస్తే పొద్దున ఆరు గంటలు పడుకున్నట్టు లెక్క తేలినా ఒళ్లు ఒప్పుకోదు. పాపతో పాటే 9:30కి పడుకుని, 4:30కి లేచి 6:30 దాకా పని చేసుకోండి.

---

నైట్‌షిఫ్ట్_నాన్న | బుధవారం ఉదయం 10:40

కోడికూత గారూ, తెల్లారుజామున పని చేయమని చెప్పడం తేలికే. మంచం కిర్రుమంటే చాలు, ఏడు నెలల పిల్ల లేచి కూర్చుంటుంది. 4:30కి లేచిన తల్లి 4:45కి పాలిస్తూ ఉంటుంది. అందరి ఇళ్లల్లో రెండో గది ఉండదు.

నిద్రని ఇద్దరూ షిఫ్టులుగా పంచుకోవడం మేలు. 9:30 నుంచి 2:30 దాకా తల్లి వేరే చోట, చెవికి ఏడుపు వినపడని చోట పడుకోవాలి. ఆ ఐదు గంటలు పిల్ల బాధ్యత నాన్నది. 2:30 నుంచి 7:30 దాకా అటుది ఇటు. పిండిన పాలు ఫ్రిజ్‌లో నాలుగు రోజుల దాకా ఉంచొచ్చు. 25 డిగ్రీలు దాటని గదిలోనైతే నాలుగు గంటలు. మన దగ్గర మే నెలలో రాత్రి గది కూడా 30 మీదే ఉంటుంది, అందుకని పిండగానే ఫ్రిజ్‌లో పెట్టేయాలి. బిడ్డ నోరు పెట్టి వదిలేసిన సీసాలో పాలు రెండు గంటలు దాటితే పారబోయాలి. వేడి చేయడానికి గిన్నెడు వేడినీళ్లలో సీసా పెట్టండి, మైక్రోవేవ్ వద్దు. ఒకచోట కాలుతుంది, ఒకచోట చల్లగా ఉంటుంది.

పని ఎప్పుడు అంటారా? పాప పగటి కునుకుల్లో మొదటిది పనికి, రెండోది పడుకోవడానికి. రెండూ పనికే పెట్టుకుంటే పదిరోజుల్లో బండి ఆగుతుంది.

---

కోడికూత | బుధవారం ఉదయం 11:05

షిఫ్టుల మాట ఒప్పుకుంటున్నా. కానీ రాత్రి పని తప్పదనుకుంటే 11 దాటొద్దు, అది కూడా బుర్ర పెట్టక్కర్లేని పనే: రంగులు నింపడం, ఫైళ్లకి పేర్లు పెట్టడం, బిల్లులు పంపడం. కొత్త బొమ్మ ఆలోచన రాత్రి 12కి మొదలెడితే పని ఆపాక కూడా బుర్ర ఆగదు.

---

పప్పుచారు_లెక్కలు | బుధవారం మధ్యాహ్నం 2:20

నాలుగైదు టీలు అన్నారు, దాని లెక్క నేను చెబుతా. మన తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో ఇచ్చిన మార్గదర్శకాల ప్రకారం 150 మి.లీ. టీలో 30 నుంచి 65 మి.గ్రా. కెఫిన్ ఉంటుంది, ఫిల్టర్ కాఫీలో 80 నుంచి 120, ఇన్‌స్టంట్‌లో 50 నుంచి 65. రోజుకి 300 దాటొద్దంటారు. ఐదు టీలంటే చిక్కగా కాస్తే ఆ గీత మీదకి వచ్చేసినట్టే. ఇంకో సంగతి, తాగిన కెఫిన్‌లో సగం ఒంట్లోంచి పోవడానికి సుమారు ఐదు గంటలు పడుతుంది. సాయంత్రం 6కి తాగిన ఇరానీ చాయ్ రాత్రి 11కి సగం ఇంకా పనిచేస్తూనే ఉంటుంది. చివరి టీ మధ్యాహ్నం 2 లోపే.

అన్నం తిన్న వెంటనే టీ తాగితే అందులోని టానిన్లు ఆకుకూర, పప్పుల్లోని ఐరన్‌ని పట్టేసుకుంటాయి. భోజనానికి గంట ముందు, గంట తర్వాత వద్దని అదే సంస్థ చెప్పింది. తోటకూర పప్పులో దించాక నిమ్మరసం పిండితే ఐరన్ బాగా ఒంటబడుతుంది. గోంగూర పులుపు ఉంది కదా అని దాన్ని ఒక్కదాన్నే నమ్ముకోకండి, అందులో ఆక్సలేట్లు ఎక్కువ.

పాలిచ్చే తల్లికి మొదటి ఆరు నెలల్లో రోజుకి మామూలు కన్నా 600 కేలరీలు, ఆ తర్వాత ఏడాది దాకా 520 ఎక్కువ కావాలి. 520 అంటే పళ్లెంలో ఎలా ఉంటుంది? సుమారుగా రెండు జొన్న రొట్టెలు, ఒక కప్పు ముద్దపప్పు, ఒక గ్లాసు పాలు. పాప వదిలేసిన నాలుగు ముద్దలు దీనికి సరిపోవు. అయినా చాలా ఇళ్లల్లో తల్లి మధ్యాహ్న భోజనం అదే! కాల్షియం రోజుకి 1200 మి.గ్రా. కావాలి. రాగుల్లో 100 గ్రాములకి 350 మి.గ్రా. పైనే ఉంటుంది, 40 గ్రాముల పిండితో జావ కాచుకుంటే 140 దాకా వస్తుంది. మిగతాది పాలు, పెరుగు, నువ్వుల నుంచి.

బల్ల మీద డబ్బాలో ఉడకబెట్టిన సెనగలు, గుడ్డు (ఒక్కోదాంట్లో 6 గ్రాముల ప్రొటీన్), నువ్వులుండలు ఉంచుకోండి. ఒక్క జాగ్రత్త: పల్లీలు, వేయించిన సెనగలు పాప పాకే నేల మీద పడనివ్వొద్దు. గొంతులో కాదు, ఊపిరిగొట్టంలోకి పోతాయి. నాలుగైదేళ్లు వచ్చేదాకా ఆ భయం ఉంటుంది.

మాత్రల విషయంలో అందరూ చేసే తప్పు, ఐరన్, కాల్షియం ఒకేసారి మింగడం. రెండింటికీ కనీసం రెండు గంటల ఎడం ఉండాలి. థైరాయిడ్ మాత్ర ఉంటే పరగడుపున అది ఒక్కటే, ఐరన్, కాల్షియం నాలుగు గంటలయ్యాకే.

---

బోడుప్పల్_బాలింత | బుధవారం మధ్యాహ్నం 3:10

పథ్యం సంగతి కూడా చెప్పండి. ఇంట్లో పెద్దవాళ్లు నీళ్లు ఎక్కువ తాగొద్దు, ఆకుకూరలు వద్దు, ఉత్త కారప్పొడన్నం చాలంటున్నారు.

---

పప్పుచారు_లెక్కలు | బుధవారం మధ్యాహ్నం 3:32

వెల్లుల్లి కారం, మిరియాల చారు, నెయ్యి తినడంలో తప్పేమీ లేదు, అత్తగారితో వాటి మీద గొడవపడకండి. నీళ్లు తగ్గించడమే తప్పు. పాలలో ఎక్కువ భాగం నీళ్లే, తగ్గిస్తే మలబద్ధకం, మూత్రంలో మంట వచ్చి కూర్చుంటాయి. బిడ్డకి పాలిచ్చిన ప్రతిసారీ ఒక గ్లాసు. "పాలు పడాలంటే తాగాలట" అని చెప్పండి, ఆ మాటకి ఏ అత్తగారూ అడ్డు చెప్పరు.

---

వేదిక నిర్వాహకులు | బుధవారం సాయంత్రం 5:00

"రెండు వారాల్లో మోకాళ్ల నొప్పి మాయం" పొడి అమ్మే పోస్టు ఒకటి తీసేశాం. పాలిచ్చే తల్లులకి మోతాదుతో సహా కషాయాలు, పొడులు ఇక్కడ సూచించొద్దు.

---

సిద్దిపేట_రంగులు | బుధవారం రాత్రి 8:25

అందరు టాబ్లెట్ ముచ్చటే చెప్తున్నరు. రంగులతోని పనిచేసేటోళ్ల సంగతి ఎవ్వలు ఎత్తుతలేరు. జెర ఇనుండ్రి.

పసిపిల్లలున్న ఇంట్ల టర్పెంటైన్ డబ్బా మూత తీసి పెట్టుడే పెద్ద తప్పు. వాసన రానిది తెచ్చినం, ఏం గాదనుకుంటరు. వాసన తీసేసిండ్రు గంతే, ఆవిరైతే వస్తనే ఉంటది. రెండు కిటికీలు ఎదురెదురుగ తెరిచి, ఒకదాంట్ల ఫ్యాను బయటికి గాలి తోసేటట్టు పెట్టాలె. సీలింగు ఫ్యాను ఆ గాలినే గిరగిర తిప్పుతది, బయటికి పంపది. అంతకన్న నయం, ఆయిల్ పనికి కుంచెల్ని ముందుగాల నూనెల కడిగి, తర్వాత సబ్బుతోని కడుక్కోవాలె. టర్పెంటైన్ అవసరమే పడది.

లిన్‌సీడ్ (అవిసె) నూనె తుడిచిన గుడ్డల్ని ముద్దజేసి చెత్తబుట్టల వేసుడు అస్సలు వద్దు. ఆ నూనె ఆరుకుంట వేడి పుట్టిస్తది, గుడ్డ ముద్దల ఆ వేడి బయటికి పోక దానంతటదే అంటుకుంటది. బయట దండెం మీద పరిచి ఆరేయాలె, లేకుంటే నీళ్ల డబ్బాల ముంచి మూత పెట్టాలె.

క్రోమ్ ఎల్లో అంటే సీసం ఉన్న రంగు. కాడ్మియం ఎరుపు, పసుపు కూడ అంతే జాగ్రత్త. ట్యూబు మీద పిగ్మెంట్ నంబరు చూడుండ్రి, పీవై 34 అని ఉంటె క్రోమ్ ఎల్లోనే. పొడి రంగులు కలిపేటప్పుడు, ఎండిన పెయింటు గీకేటప్పుడే ఎక్కువ నష్టం, దుమ్ము ముక్కుల పోతది, నేల మీద పడుతది, పిల్ల పాకి ఆ చేతులు నోట్ల పెట్టుకుంటది. ఊడ్వద్దు, తడిగుడ్డతోని తుడువాలె. కుంచె మొన నోటితోని సరిజేసే అలవాటు ఇడిసిపెట్టాలె. పని అంగీ వేరే, బిడ్డను ఎత్తుకునే ముందు అంగీ మార్చి చేతులు కడుక్కోవాలె.

రెజిన్ ఆర్టు చేసేటోళ్లు నైట్రైల్ గ్లౌజులు తొడుక్కోవాలె, పల్చటి ప్లాస్టిక్ గ్లౌజులు ఆగవు. ఒక్కపారి ఒంటికి ఎలర్జీ పట్టిందంటే మళ్ల ఆ రెజిన్ ముట్టలేరు, పనే బంద్ అయితది.

---

కృష్ణానగర్_గొంతు | గురువారం ఉదయం 7:50

డబ్బింగ్, వాయిస్ ఓవర్ వాళ్లకి చిన్న మాట. పొద్దంతా పిల్లల మీద అరిచి మధ్యాహ్నం మైకు ముందు నిలబడితే గొంతు బొంగురు పోతుంది. పక్కగదిలోంచి అరవకుండా దగ్గరికెళ్లి చెప్పండి, లేదా చప్పట్లు కొట్టండి. గుసగుసగా మాట్లాడటం గొంతుకి విశ్రాంతి కాదు, చాలామందికి దానివల్ల ఇంకా బిగుస్తుంది. గొంతు గీకినట్టు సవరించుకోవడం బదులు ఒక గుక్క నీళ్లు మింగండి. రాత్రి భోజనానికీ పడుకోవడానికీ మూడు గంటల ఎడం లేకపోతే కడుపులో ఆమ్లం పైకి తన్ని పొద్దున్నే గొంతు మందంగా ఉంటుంది. బొంగురు మూడు వారాలు దాటితే చెవి ముక్కు గొంతు డాక్టర్ దగ్గర స్కోపుతో స్వరతంత్రులు చూపించాలి. ఉత్త మందుబిళ్లలతో సరిపెట్టుకోవద్దు.

---

నిమ్మళం | గురువారం మధ్యాహ్నం 12:15

ఇంతవరకూ ఎవరూ మనసు దగ్గరికి రాలేదు. రాసేవాళ్లూ గీసేవాళ్లూ ఇక్కడ ప్రత్యేకంగా మోసపోతారు. "ఏమీ తట్టట్లేదు, గీయబుద్ధి కావట్లేదు" అన్నదాన్ని పనిలో వచ్చిన స్తబ్ధత అనుకుని నెలలు గడిపేస్తారు. అది ప్రసవం తర్వాతి డిప్రెషన్ కావచ్చు, థైరాయిడ్ కావచ్చు, రక్తం తక్కువై కూడా కావచ్చు. తేడా ఎలా తెలుస్తుందంటే, పని ఒక్కటే కదలట్లేదా, లేక ఇష్టమైన పాట విన్నా, స్నేహితురాలు వచ్చినా ఏమీ అనిపించట్లేదా? బిడ్డ నిద్రపోయినా, ఎవరో చూసుకుంటున్నా, మీకు నిద్ర పట్టట్లేదా? దేనికీ ఏమీ అనిపించకపోయినా, అలా నిద్ర పట్టకపోయినా, అది రెండు వారాలు దాటితే, ఆలస్యం చేయొద్దు.

ఎడిన్‌బరో ప్రశ్నావళి అని 10 ప్రశ్నలది ఉంది, గత ఏడు రోజుల మీద, ఒక్కోదానికి 0 నుంచి 3 మార్కులు. 13 గానీ ఆ పైన గానీ వస్తే డాక్టర్‌తో మాట్లాడాలి. పదో ప్రశ్న తనకి తాను హాని చేసుకునే ఆలోచన గురించి. దానికి సున్నా కాకుండా ఏది వచ్చినా మొత్తం మార్కులతో పని లేదు, ఆ రోజే చూపించాలి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ నంబరు 14416, పగలూ రాత్రీ ఉచితం, తెలుగులో మాట్లాడొచ్చు. లేని మాటలు వినపడటం, రెండు మూడు రాత్రులు నిద్రే లేకుండా అతి హుషారు, బిడ్డ మీద వింత అనుమానాలు ఉంటే ఫోన్లతో ఆగకుండా నేరుగా ఆసుపత్రికి. అప్పుడు తల్లినీ బిడ్డనీ ఒంటరిగా వదలొద్దు. నాన్నలకీ డిప్రెషన్ వస్తుంది, వాళ్లలో అది ఎక్కువగా చిరాకు, కోపం, పనిలో దాక్కోవడంగా బయటపడుతుంది.

పరీక్షల విషయానికొస్తే హిమోగ్లోబిన్ (12 లోపు ఉంటే రక్తహీనత), ఫెరిటిన్ (ఒంట్లో ఐరన్ నిల్వ), టీఎస్‌హెచ్ (థైరాయిడ్) చేయించండి. గర్భంలో షుగర్ వచ్చినవాళ్లు ప్రసవమైన 6 నుంచి 12 వారాల మధ్య 75 గ్రాముల గ్లూకోజ్ పరీక్ష చేయించుకోవాలి, తర్వాత ఒకటి నుంచి మూడేళ్లకోసారి. పిల్లల టీకాల తేదీలు అందరికీ గుర్తుంటాయి, ఇదే మరిచిపోతారు. దగ్గర్లో బస్తీ దవాఖానా ఉంటే సంప్రదింపు ఉచితం, మామూలు రక్తపరీక్షలకి నమూనా అక్కడే తీసుకుంటారు.

---

నైట్‌షిఫ్ట్_నాన్న | గురువారం మధ్యాహ్నం 1:30

డబ్బు మాట ఒకటి: పాత పన్ను విధానంలో ఉన్న ఫ్రీలాన్సర్లు ఆరోగ్య బీమా మినహాయింపు కింద ముందస్తు వైద్య పరీక్షలకి 5,000 రూపాయల దాకా చూపించుకోవచ్చు, అది 25,000 పరిమితి లోపలే.

గడువులు ఒప్పుకునేటప్పుడు రోజుల్లో లెక్కపెట్టొద్దు. వారానికి నిజంగా దొరికే గంటలు రాసుకుని వాటితో భాగించండి. 30 గంటల పని, వారానికి 10 గంటలు దొరికితే మూడు వారాలు కాదు, నాలుగు చెప్పండి. ఆ నాలుగో వారం జ్వరాలది. పిల్లకి వచ్చిన జ్వరం ఇంట్లో ఒకరి తర్వాత ఒకరికి తిరిగేసరికి వారం పడుతుంది. మార్చి సగం నుంచి ఒంటిపూట బడులు, ఏప్రిల్ చివర నుంచి జూన్ రెండో వారం దాకా సెలవులు. పెద్ద పిల్లలున్నవాళ్లు ఆ మూడు నెలల్లో పెద్ద పని పెట్టుకుంటే నిద్ర మీదే కోత పడుతుంది. వానాకాలం జ్వరానికి డెంగీ కాదని తేలేదాకా పారాసిటమాల్ ఒక్కటే. ఒళ్లునొప్పులకని ఐబుప్రొఫెన్, ఆస్పిరిన్ వేసుకోవద్దు, రక్తస్రావం ముప్పు పెరుగుతుంది.

---

మణికొండమల్లి | గురువారం మధ్యాహ్నం 3:05

అందరికీ చాలా థాంక్స్. పిడికిలి పరీక్షలో కుడి చేతికి గట్టిగా చురుక్కుమంది, ఎడమకి లేదు. షిఫ్టు ఈ రాత్రి నుంచే, టీ 2కి ఆపేశాం. స్ప్లింట్ ఆన్‌లైన్‌లో తెప్పించాలా, షాపుకెళ్లాలా? సైజు ఎలా చూడాలి?

---

తార్నాక_ఫిజియో | గురువారం సాయంత్రం 4:20

షాపుకే వెళ్లండి, తొడుక్కుని పట్టి చూడటానికి పెన్ను కూడా తీసుకెళ్లండి. దర్జీ టేపుతో మణికట్టు మడత దగ్గర చుట్టుకొలత తీసుకుంటే డబ్బా మీద ఆ కొలతకి సైజు రాసి ఉంటుంది. కుడి చేతిది వేరు, ఎడమది వేరు, చూసి తీసుకోండి. తొడుక్కున్నాక బొటనవేలి కొస కణుపు ఒక్కటే వంగాలి, దాని కింది రెండు కీళ్లూ కదలకూడదు. బొటనవేలి కొసతో చూపుడువేలి కొస తాకగలగాలి. ఐదు నిమిషాలు అలాగే కూర్చోండి. గోరు నీలంగా మారినా, తిమ్మిరెక్కినా ఒక సైజు పెద్దది. లోపలి లోహపు పట్టీ అంచు గరుకుగా ఉందేమో వేలితో తడిమి చూడండి, పాప బుగ్గ ఆనేది అక్కడే.